బోడికొండ చేమిరి

తడి నేలలో నిలబడిన బత్తాయి చెట్టు ఎండిపోతోందని మా అన్న ఫోన్ చేసినప్పుడు నేను నమ్మలేదు.

"మ్మే అశ్వత్థా, చీనీ చెట్లు తల వాల్చేసినాయి. నీళ్ళు పెడతానే ఉండా. పాదిలో కాలు పెడితే మోకాటి దాకా దిగిపోతాంది. ఆకు పట్టుకుంటే అప్పడం మాదిరి విరిగిపోతాంది."

"నీళ్ళు ఎక్కువై వేరు కుళ్ళి ఉంటుందిలే అన్నా. మోటరు ఆపు."

"ఆపినా. ఆపితే ఇంకా వాలినాయి. నువ్వు సైంటిస్టువో సోది చెప్పేదానివో నాకు తెల్దు. వచ్చి చూడు."

ఫోన్ పెట్టేశాడు. మా అన్న కదిరప్ప ఫోన్లో వీడ్కోలు చెప్పడం నా నలభై ఎనిమిదేళ్ళలో వినలేదు.

నాకు కోపం ఎక్కువని ఇంటా బయటా పేరు. పాతికేళ్ళుగా మట్టిలో పెరిగే బూజుల మీద పనిచేస్తున్నాను. బూజులతో నాకు ఏనాడూ గొడవ రాలేదు. గొడవంతా మనుషులతోనే. మా పరిశోధన కేంద్రంలో నేనూ, మహబూబ్ బాషా అనే టెక్నీషియనూ తప్ప మిగిలిన కుర్చీలన్నీ ఖాళీ. ఏడాదిలో రిటైరయ్యే మనిషి కాబట్టి బాషాకు ఎవరన్నా భయం లేదు, నేనన్నా లేదు.

"వేరు కుళ్ళితే ఆకు పసుపెక్కుతుంది మేడమ్, అప్పడం కాదు," అన్నాడు తాపీగా. "ఒకసారి పోయొద్దాం."

నిజాన్ని అంత తాపీగా చెప్పేవాళ్ళంటే నాకు మహా చిరాకు. అయినా కారు తాళాలు తీసుకున్నాను.

మా ఊరు వంకమీదపల్లె. ఊరి నెత్తిన బోడికొండ. ఆ పేరు ఊరికే రాలేదు. వాన పడితే నీళ్ళన్నీ కొండ మీద ఒక్క క్షణం నిలవకుండా జారి, ఎర్రమట్టిని కూడా ఈడ్చుకుని పిల్లవంకలో పడి, రెండు గంటల్లో ఊరు దాటిపోయేవి. తర్వాత ఎనిమిది నెలలు ట్యాంకరు కోసం ఎదురుచూపులు. ఆరేళ్ళ క్రితం మా వదిన సాలమ్మ ఇరవై ఆరుమంది ఆడవాళ్ళను కూడగట్టి సంఘం పెట్టి, ఆ కొండ మీద మొక్కలు నాటడం మొదలుపెట్టింది. వేప, కానుగ, నేరేడు, సీతాఫలం. మేకలు రాకుండా చుట్టూ కంప వేశారు. వేసవిలో మనిషికి రెండు బిందెలు మోసుకుంటూ కొండెక్కి పోశారు. మొదటి వేసవికి మొక్కలన్నీ ఎండిపోయాయి. మళ్ళీ నాటారు, మళ్ళీ ఎండాయి. మూడోసారీ అంతే. ఊళ్ళో మగవాళ్ళు నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వింది మా అన్న.

అప్పుడు నేను మధ్యలో దూరాను. తగుదునమ్మా అని.

వదినను ల్యాబుకు పిలిచి ఒక తొట్టి చూపించాను. అందులో రెండు కానుగ మొక్కలు, వాటి మధ్య సన్నటి జల్లెడ గోడ. వేళ్ళు ఆ గోడను దాటలేవు. నేను తయారుచేసిన బూజు పోగులు దాటగలవు. నలభై రోజులుగా ఎడమవైపు మొక్కకే నీళ్ళు పోస్తున్నాం. కుడివైపు మట్టి విభూతిలా పొడిగా ఉంది. మొక్కలు మాత్రం రెండూ పచ్చగా ఉన్నాయి.

వదిన కుడివైపు మట్టిని వేళ్ళతో నలిపి చూసింది. "ఎడమదాని నోటికాడి నీళ్ళు తెచ్చి దీనికి తాపిస్తాందా?"

"తాపించేదేం లేదు వదినా. అదొక గొట్టం. తడి ఉన్నచోటి నుంచి లేనిచోటికి నీళ్ళు పోతాయి. అంతే."

"మా సంఘంలో గూడా ఇంత న్యాయం లేదు," అంది.

నలభై డబ్బాలు ఇచ్చాను. గుంతకు ఒక చెంచా. కొండ మీద తప్ప ఇంకెక్కడా వాడకూడదు, పొలాల్లో చిటికెడు కూడా పడకూడదు అని పది సార్లు చెప్పాను. ఇరవై ఆరుమందీ తలలూపారు. నాకూ పెద్ద భయం లేదు. ల్యాబులో మేం పెట్టే మేత లేకపోతే ఆ బూజు కొత్తగా పెరగదు. నాలుగేళ్ళు తంటాలు పడినా బయట పెంచలేకపోయాను. పెరగదని రుజువు చేస్తూ రెండు వ్యాసాలు కూడా రాశాను.

ఆ వేసవి మొక్కలు చావలేదు. కొండ వెనుక ఊటగుంట పక్కనున్న మొక్కలు తాగిన నీళ్ళు రాత్రికి రాత్రి కొండ నెత్తిన ఉన్నవాటికి చేరాయి. మూడేళ్ళలో ఇరవై రెండు వేల చెట్లు నిలిచాయి. వాన నీళ్ళు కొండలోకి ఇంకడం మొదలుపెట్టాయి. పిల్లవంక మార్చి దాకా పారింది. ట్యాంకరు రావడం మానేసింది. ఎప్పుడో నోరెండిపోయిన మా అన్న బోరులో నీళ్ళు మళ్ళీ ఎగదన్నాయి. ఎవరెవరో వచ్చి సంఘానికి శాలువాలు కప్పి, ఫోటోలు దిగి వెళ్ళారు. ఇప్పుడు మా ఊళ్ళో ఇంటికి మూడు శాలువాలు ఉన్నాయి. ఈ ఎండల్లో వాటితో ఏం చేసుకోవాలో ఆ కప్పినవాళ్ళకే తెలియాలి.

మేం చేరేసరికి పదిగంటలు. మే నెల ఎండ చెప్పక్కర్లేదు. తోట కొండ అడుగునే ఉంది. మూడు వందల చీనీ చెట్లు, పన్నెండేళ్ళవి. చీనీ సొంత వేరు మీద సరిగా బతకదని, జంబేరి అనే ముళ్ళ నిమ్మ మొక్కలు పెంచి, ఒక్కోదాని మీద ఒక్కో చీనీ కన్ను మా అన్న తన చేత్తోనే అంటుగట్టాడు. కూలివాళ్ళను కూడా నమ్మలేదు. ఆ చెట్లకు వాడు పేర్లు పెట్టలేదు కానీ ఏ చెట్టు ఏ ఏడు ఎన్ని కాయలు కాసిందో అడిగితే చెబుతాడు.

చెట్లన్నీ తలలు వేలాడేసుకుని ఉన్నాయి. పాదుల్లో నీళ్ళు తళతళలాడుతున్నాయి.

బాషా ఒక వేరు తవ్వి తీశాడు. దాన్ని చూడగానే నాకు అనుమానం వచ్చింది, అనుమానం వచ్చినందుకు ఒళ్ళు మండింది. ఎక్కడికి పోయినా గుర్తుపట్టడానికి వీలుగా, ఊదారంగు దీపం కింద నీలంగా మెరిసేలా ఆ బూజును తయారుచేసుకున్నాను. కానీ అది కనపడాలంటే చీకటి కావాలి. పట్టపగలు చీనీ తోటలో చీకటి ఎక్కడి నుంచి తేను? వదిన ఇంట్లోంచి కంబళి తెచ్చింది. నడి ఎండలో, బురదలో చతికిలబడి, గొర్రె వాసన కొట్టే కంబళి ముసుగులో దూరి, దీపం వేసి చూశాను.

వేరంతా నీలం.

"అన్నా, ఇక్కడికి ఇది ఎట్లా వచ్చింది?" అన్నాను కంబళి లోంచే.

వదిన చెప్పింది. "అదా? కడుగునీళ్ళు."

"ఏం కడుగునీళ్ళు?"

"సట్టి కడిగిన నీళ్ళు."

"ఏం సట్టి వదినా?"

అప్పుడు బయటపడింది బండారం. పెరుగు తోడేయడానికి పక్కింటికి పోయి గిన్నెలో చెంచాడు పెరుగు అడిగి తెచ్చుకుంటారే, దాన్ని మా వైపు చేమిరి అంటారు. చేమిరి అడిగితే లేదనకూడదు. నేనిచ్చిన డబ్బాల్లో మట్టి ఐపోవస్తుంటే మా సంఘం దాన్నీ చేమిరిగానే చూసింది. రాగులు మొలకెత్తించిన మట్టి సట్టిలో గుప్పెడు వేసి, గోనెపట్టా కప్పి మూడు వారాలు పెట్టారు. రాగి వేళ్ళ నిండా బూజు అల్లుకుంది. అందులోంచి గుప్పెడు తీసి ఇంకో సట్టిలో వేశారు. అక్కడి నుంచి ఇంకోదానికి.

"నాలుగేళ్ళు నా వల్ల కాలేదు," అన్నాను. నా గొంతు నాకే కీచుగా వినపడింది. "రాగి మొలకల్లో పెంచారా!"

"జొన్నల్లో వేసి చూస్తిమి. సరిగ్గా రాలా," అంది వదిన వివరంగా.

"ఎవరెవరికి ఇచ్చారు?"

"అడిగినోళ్ళకంతా ఇస్తిమి. ఆరూళ్ళోళ్ళు వచ్చి అడిగిరి. వాళ్ళకూ కొండలుండాయి గదా. చేమిరి అడిగితే లేదంటామా?"

"మరి కడుగునీళ్ళు?"

"కడుగునీళ్ళు పారబోస్తామా ఎవరన్నా?" అని నిజంగానే ఆశ్చర్యపోయింది. "చీనీ పాదుల్లో పోస్తిమి."

కరువు ఊళ్ళో పుట్టినదాన్ని నాకైనా తట్టి ఉండాలి. మా అమ్మ బియ్యం కడిగిన నీళ్ళు గేదెకూ, కాళ్ళు కడిగిన నీళ్ళు కరివేపాకుకూ పోసేది. డబ్బాలు ఏం చేయాలో చెప్పాను. పొలంలో చల్లొద్దని చెప్పాను. కడిగిన నీళ్ళ సంగతి ఒక్క ముక్క చెప్పలేదు. పొరుగూరి నుంచి వచ్చిన శాస్త్రవేత్త ఆ తప్పు చేస్తే క్షమించవచ్చు.

బాషా చెట్ల మొదళ్ళకు మీటర్లు తగిలించాడు. వేళ్ళలో నీళ్ళు ఎటు కదులుతున్నాయో ఫోన్లో బాణం గుర్తులుగా కనిపిస్తాయి. అన్నకు ఫోన్ ఇచ్చాను. మూడు వందల చెట్ల కింద బాణాలన్నీ కొండవైపే ఉన్నాయి.

మిగతా ఆరు ఊళ్ళలో కొండల కింద తడి తోటలు లేవు కాబట్టి ఏమీ కాలేదు. ఇక్కడ మాత్రం ఆ మే నెలలో ఊటగుంట ఎండిపోయి, కొండ చుట్టూ తడి ఉన్న చోటు మా అన్న తోట ఒక్కటే. అన్న ఎంత నీళ్ళు పెడితే కొండ అంత తాగుతోంది. చెట్టు దగ్గర చుక్క మిగలట్లేదు.

అన్న చాలాసేపు ఫోన్ చూశాడు. "కొరివితో తల గోక్కున్నట్టు మీ ఇద్దరినీ నమ్మితి," అని ఫోన్ నా చేతిలో పెట్టి, బురద కాళ్ళతోనే ఇంటికి వెళ్ళిపోయాడు.

మొదట కందకం తవ్వించాం. తోటకూ కొండకూ నడుమ నాలుగడుగుల లోతున జేసీబీ పెట్టి తవ్విస్తే నాలుగు రోజులు బాణాలు ఆగిపోయాయి. చెట్లు కాస్త తేరుకున్నాయి. అన్న నాతో మాట్లాడాడు కూడా, "అన్నం తిన్నావా" అని. పన్నెండో రోజు బాణాలు మళ్ళీ కొండవైపు తిరిగాయి. కందకం కింద ఏడడుగుల లోతున, జల్లెడ గోడ దాటినట్టే, బూజు దారి చేసుకుంది. ఆ బూజు మీద పాతికేళ్ళలో మొదటిసారి నాకు కోపం వచ్చింది.

ఇక మిగిలింది కత్తెర. బాషా పెట్టిన పేరది. ల్యాబులో బూజును చంపడానికి తయారుచేసుకున్న మందు. ఐదు లీటర్ల క్యాను. ఆ పోగుల్లో ఒక్కచోట పోస్తే చాలు, పోగు వెంట పోగు చచ్చుకుంటూ పోతుంది. ఎక్కడ ఆపాలన్నా ఆగదు. వారంలో కొండ మీది పోగులన్నీ తెగిపోతాయి. చెట్లకు నేరుగా ఏమీ కాదు. కానీ మూడేళ్ళ మొక్కలు ఈ ఎండకు ఆ నీళ్ళు లేకుండా పది రోజులు కూడా నిలవవు.

"పోస్తే తోట బతుకుతుందా మేడమ్?" అన్నాడు బాషా, క్యాను కారులో పెడుతూ.

"వెంటనే పోస్తే బతుకుతుంది."

"కొండ?"

"తెలిసి ఎందుకు అడుగుతారు బాషన్నా?"

"ఒకసారి నోటితో అని చూసుకోవాలి కదా," అన్నాడు. డిక్కీ మూసి కారెక్కాడు.

మర్నాడు ఉదయం పాలు పోసే వేళ అయ్యాక, పాల కేంద్రం అరుగు మీద సంఘం కూర్చుంది. కత్తెర సంగతి చెప్పాను. ఆ తర్వాత మూడు గంటలు నేను పడ్డ అవస్థ పగవాడికి కూడా వద్దు. సగం మాత్రం కత్తిరించరాదా అని ఒకామె అడిగింది. కాదని చెప్పాక పావు వంతు అడిగింది. వేపచెట్లు ఎక్కువ తాగుతాయేమో, వాటికి బుద్ధి చెబితే చాలునని ఇంకొకామె. కొండదేవరకు పొంగలి పెట్టి అడుగుదామని మరొకామె. ఏం అడుగుతారమ్మా అంటే, "కదిరప్పన్న తోట జోలికి పోవద్దని" అంది. అందరూ అది బాగుందన్నారు. తలకు కొట్టుకున్నాను.

మా వదిన, సంఘం పెట్టిన మనిషి, ఆరేళ్ళలో ఒక్క మీటింగులో కూడా నోరు మూసుకోని మనిషి, పాల క్యాన్ల మధ్య ముడుచుకుని కూర్చుంది. చివరికి ఎవరో "నువ్వు చెప్పు సాలమ్మక్కా" అంటే లేచింది.

"ఆ కొండ నేను పెట్టిందే. ఆ కడుగునీళ్ళు నేను పోసినవే. నేనేం చెప్పాల? ఏది సంపమంటారో మీరే చెప్పండి, సంపి వస్తా," అని ఏడ్చేసింది.

నాకు ఆమె మీద ఎంత కోపం ఉందో అంత జాలీ వేసింది. రెండూ ఒకేసారి పట్టవు ఈ గుండెలో. కళ్ళు తుడుచుకుని ఎవరూ చూడలేదు కదా అని చుట్టూ చూశాను. అప్పుడు కనపడింది. కారు డిక్కీ తెరిచి ఉంది. క్యాను లేదు. మా అన్నా లేడు.

పరుగెత్తాను. చెప్పులు బురదలో ఇరుక్కుపోతే వదిలేసి పరుగెత్తాను. ఆపడానికి పరుగెత్తానా, పోశాడో లేదో చూడటానికా అంటే ఇప్పటికీ చెప్పలేను. వాడి తోట వాడిది. నేనైతే పోసేసేదాన్నేమో.

అన్న మోటరు కొట్టం ముందు రాయి మీద కూర్చుని ఉన్నాడు. క్యాను పక్కనే ఉంది. మోటరు తిరుగుతోంది. గొట్టం లోంచి నీళ్ళు ధారగా పడుతున్నాయి.

"పోయలేదా?" అన్నాను రొప్పుతూ.

"మూత రాలా."

ఆ మూత నేను బిగించిందే. చిటికెన వేలితో తిప్పినా వస్తుంది.

"ఈ బోరు ఎండిపోయి నోరు తెరుచుకోని ఉండె," అన్నాడు నీళ్ళ వంక చూస్తూ. "చెట్టు చెట్టుకు ట్యాంకరు నీళ్ళు పోసి బతికిస్తి. మీ వదిన కొండకు బిందెలు మోస్తాంటే పిచ్చిదనుకోని నవ్వితి. ఇప్పుడీ నీళ్ళు యాడ నుంచి వచ్చినాయో నాకు తెల్దనుకుంటివా?"

"అయితే ఏమంటావు?"

"ఏమంటా నా బొంద! మోటరు వేస్తే కొండ తాగి తోట ఎండుతుంది. ఆపితే రెండూ ఎండుతాయి. నీ మందు పోస్తే కొండ ఎండుతుంది. కొండ ఎండితే రెండేండ్లకు బోరు ఎండుతుంది. బోరు ఎండినంక తోట ఉంటుందా? యా పక్క నుంచి తిరిగొచ్చినా పొయ్యేది నా తోటే గదా! ఇంత చదువు చదివిస్తిమి నిన్ను. ఈ ముక్క నేను చెప్పాల్నా నీకు?"

అంటూ లేచి, మోటరు గట్టిగా తిరుగుతోందో లేదో చూసి, క్యానును కాలితో నా వైపు తోశాడు.

వానలొచ్చేదాకా ఆ మోటరు ఆగలేదు. కరెంటు ఉన్నంతసేపూ వేసేవాడు. వేసినప్పుడల్లా కొండను తిట్టేవాడు, వదినను తిట్టేవాడు, నన్ను తిట్టేవాడు, బూజును మాత్రం పేరు తెలియక "ఆ నా సవితి" అనేవాడు. సంఘం ఆడవాళ్ళు ఊరికే ఉండలేక ఇంటికో బిందె తెచ్చి చీనీ పాదుల్లో పోశారు. కొండెక్కే శ్రమ తప్పింది తప్ప తోటకు చుక్క దక్కలేదు. జూన్ నెల సగమయ్యేసరికి ఆకులన్నీ రాలాయి. కొండ మీద నూట నలభై మొక్కలు చచ్చాయి. మిగతావి నిలిచాయి. తోటలో ఒక్కటీ మిగల్లేదు.

అన్న చెట్లన్నిటినీ మోకాటి ఎత్తున తనే రంపంతో కోశాడు. కోసేటప్పుడు ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. వదిన అన్నం గిన్నె గట్టు మీద పెట్టి వచ్చేది. సాయంత్రం పోయి చూస్తే మూత కూడా తీయని గిన్నె అలాగే ఉండేది.

నేను ల్యాబులో నివేదిక రాయడానికి కూర్చునేదాన్ని. ప్రయోగం అదుపులో ఉన్నదా అని ఒక గడి ఉంటుంది. అవును, కాదు అని రెండే దారులు. ఏడు ఊళ్ళ వంటిళ్ళలో రాగి సట్టీలున్నాయని రాయడానికి ఆ గడిలో చోటు లేదు. ఆ కాగితం చింపేయని రోజు లేదు.

ఆగస్టులో ఒక పొద్దున బాషా పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఆయన పరుగెత్తడం నేను చూడటం అదే మొదలు. ఫోన్ నా ముఖం మీద పెట్టాడు. బాణాలు తిరిగాయి. కొండ మీద మంచి వాన పడింది. కింద తోటలో పాదులు ఎండి ఉన్నాయి. నీళ్ళు కొండ నుంచి తోటకు వస్తున్నాయి.

రెండు వారాల తర్వాత ఒక సాయంత్రం మేం చేరేసరికి ఊరంతా తోటలోనే ఉంది. మూడు వందల మొద్దుల్లో దాదాపు అన్నీ చిగురించాయి. లేత చిగుళ్ళు, జానెడు పొడవు. కుంకుమా పసుపూ తెచ్చేశారు ఆడవాళ్ళు. వదిన ఒక మొద్దును కౌగిలించుకుని కూర్చుంది. "అన్నా, చూడన్నా!" అన్నాను.

అన్న వంగి ఒక చిగురు తుంచాడు. వేళ్ళ మధ్య నలిపి వాసన చూశాడు. ఇంకో చెట్టు దగ్గరికి పోయి మళ్ళీ చూశాడు. మూడో దాని దగ్గర ముల్లు గుచ్చుకుంది. చెయ్యి విదిలించుకున్నాడు.

"జంబేరి," అన్నాడు.

అంటు పైనున్న చీనీ చచ్చింది. కింద ఉన్న ముళ్ళ నిమ్మ వేరు బతికింది. ఆ కాయ నోట్లో పెట్టుకోవడానికి కూడా పనికిరాదు. కుంకుమ పట్టుకున్న చేతులు ఒక్కొక్కటే కిందికి దిగాయి. అందరూ ఇళ్ళకు వెళ్ళిపోయారు.

వదిన ఇంట్లో దీపం పెట్టింది. అన్న అరుగు మీద కూర్చుని, పన్నెండేళ్ళుగా చూరులో ఉన్న అంటు కత్తి తీసి, రాయి మీద నూరుతున్నాడు.

"మీ ఆపీసులో చీనీ అంటుకొమ్మలు దొరుకుతాయా?" అని అడిగాడు నా వైపు చూడకుండా.

"తెస్తాను. మళ్ళీ కాపుకు ఐదేళ్ళు పడుతుందన్నా."

"లెక్క నాకు తెల్దా?" అని కసిరాడు. వాడికి యాభై ఆరేళ్ళు.

అప్పుడే ఆఖరి బస్సు దిగి ఒకామె వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. చేతిలో మూతున్న స్టీలు గిన్నె. పేరు హనుమక్క, మేడిమాకులపల్లె నుంచి వచ్చానంది. అది ఎనభై మైళ్ళ దూరం. మా కొండ మీద కూడా మొక్కలు నిలబడట్లేదు, మీ దగ్గర చేమిరి దొరుకుతుందని చెప్పారు అంది.

"లేదు," అన్నాను నేను. దొంగలు పడ్డ ఆరు నెలలకైనా కుక్క మొరగాలి కదా. "అది ఇచ్చేది కాదు. ఎవరికీ ఇవ్వకూడదు."

హనుమక్క వదిన వైపు చూసింది. వదిన అన్న వైపు చూసింది. ఈ ఊళ్ళో ఇవ్వొద్దనే హక్కు ఎవరికైనా ఉంటే అది మా అన్నకే.

"మీ కొండ కింద తోటలుండాయా?" అని అడిగాడు అన్న.

"ఒకటుండాది అన్నా. మాదే. చీనీ, నూటా ఇరవై చెట్లు."

అన్న లేచి టార్చి తీసుకున్నాడు. రమ్మని ఆమెకు సైగ చేశాడు. వెనకే మేమూ వెళ్ళాం. ఒక్కో మొద్దు మీద టార్చి వేస్తూ వరస వెంట వరస నడిచాడు. జరిగిందంతా చెప్పాడు, నన్నూ వదిననూ కొండనూ తిట్టుకుంటూ. కడుగునీళ్ళు, బాణాలు, కందకం, మోటరు, జంబేరి. చెప్పడానికి చాలాసేపే పట్టింది. హనుమక్క గిన్నె పొట్టకు ఆనించుకుని అన్నీ చూసింది. ఇంక వెళ్ళిపోతుందనే అనుకున్నాం.

అరుగు దగ్గరికి తిరిగొచ్చాక అంది: "ట్యాంకరు రాక మూడు దినాలైందన్నా. నిన్న మా చిన్నది బడికి పోకుండా బిందె కాడ కూచ్చునింది. ఈ పొద్దు గూడా కూచ్చోనే ఉంటుంది." గిన్నె ముందుకు చాపింది.

నేను చెప్పాల్సింది చాలా ఉంది. పాతికేళ్ళ చదువంతా నాలుక చివర ఉంది. అయినా పక్కకు జరిగాను. వదిన గిన్నె అందుకోబోయి, గూట్లో దీపం చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"దీపం పెట్టినంక చేమిరి ఇయ్యకూడదు. అన్నం తిని ఈడ్నే పండుకో. తెల్లారి తీసుకోని పోదువు."

"సట్టి కడిగిన నీళ్ళు యాడ పోస్తావు?" అని గద్దించాడు అన్న హఠాత్తుగా.

హనుమక్క ఉలిక్కిపడింది. "తోటలో..." అనేసి నాలుక కరుచుకుంది.

"చూస్తివా! ఇంతసేపు చూపిస్తి, ఇంతసేపు చెప్తి!" అన్నాడు నా మీదికి తిరిగి, ఆమె తోట కూడా నేనే ఎండబెట్టినట్టు. కత్తిని పంచెకు తుడిచి చూరులో దోపాడు. "వీళ్ళకు నోటితో చెప్తే కాదు. పొద్దున నేనూ ఎంబడి పోతా. ఆ సట్టి కడిగేదాకా పక్కనే కూచ్చుంటా."

"మరి ఈ మొద్దులకు నీళ్ళెవరు పెడతారన్నా?" అన్నాను.

అన్న చీకట్లో కొండ వైపు గడ్డం ఎగరేశాడు. "అది పెడతాంది గదా. వేసవంతా నా బోరు తాగింది, ఇప్పుడు పెట్టనీ."